కెప్టెన్ పోయాడు, బదులుగా ఏమీ రాలేదు: ఐస్ హాకీ అభిమానికి ‘ఫ్రీ ఏజెన్సీ’ ఎందుకంత మంట?

క్లుప్తంగా: తొమ్మిదేళ్లు న్యూయార్క్ ఐలాండర్స్‌కు ఆడిన జాన్ టవారెస్ 2018 జులై 1న టొరంటో మేపుల్ లీఫ్స్‌కు వెళ్లిపోయాడు. ఒప్పందం ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టులో చేరడమే ‘ఫ్రీ ఏజెన్సీ’. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా ఆ కోపం ఏళ్ల తరబడి చల్లారలేదు. జట్టుకు బదులుగా ఏమీ దక్కకపోవడం, ఉంటాడన్న ఆశ ఆఖరి రోజు దాకా బతికి ఉండటం, నిర్ణయం పూర్తిగా ఆటగాడిదే కావడం: ఈ మూడూ కలిసిన చోట అభిమాని మనసు ఎలా పనిచేస్తుందో, లీగ్ నిబంధనలు దాన్ని ఎలా తయారుచేస్తాయో ఈ కథనం వివరిస్తుంది.

ఒక గురువారం రాత్రి

2019 ఫిబ్రవరి 28. న్యూయార్క్ నగరానికి తూర్పున, లాంగ్ ఐలాండ్‌లోని యూనియన్‌డేల్ ఊళ్లో ఉన్న నాసో కొలీజియం. మ్యాచ్‌కు ముందు కాళ్లూచేతులూ వేడెక్కించుకోవడానికి టొరంటో ఆటగాళ్లు మంచు మీదికి వచ్చారు. టవారెస్ వేసుకునే 91వ నంబరు కనపడగానే స్టాండ్లలోంచి రబ్బరు పాములు వచ్చి పడ్డాయి. ఒక పాత జెర్సీ కూడా గాల్లోంచి ఎగిరి వచ్చింది. అదే 91, అదే పేరు, రంగులు మాత్రం ఐలాండర్స్‌వి. దాన్ని డబ్బు పెట్టి కొనుక్కున్న మనిషే విసిరేశాడు.

ఆట మొదలయ్యాక బంతి స్థానంలో ఉండే ఆ నల్ల రబ్బరు బిళ్ల, అంటే పక్, టవారెస్ కర్రకు తగిలిన ప్రతిసారీ ‘బూ’ అని హోరు. మధ్యలో అతడి పాత ఘనతలతో ఐలాండర్స్ యాజమాన్యం కృతజ్ఞతగా ఒక వీడియో వేసింది. అదీ ఆ హోరులోనే కొట్టుకుపోయింది. ‘నువ్వు మాకక్కర్లేదు’ అని వేల గొంతులు లయబద్ధంగా పాడాయి. ‘నీ పైజామా ఏదిరా’ అన్న కేకలూ లేచాయి. దాని వెనక కథ కొంచెం ముందుకెళ్తే తెలుస్తుంది. మ్యాచ్‌లో ఐలాండర్స్ 6-1తో గెలిచింది. అక్కర్లేదన్న మనిషి కోసం ఒక రాత్రంతా గొంతు చించుకోవడంలోని వైరుధ్యాన్ని ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

హాకీ అంటే తెలుగు పాఠకులకు ధ్యాన్‌చంద్ ఆట గుర్తొస్తుంది. ఇది వేరు. ఉత్తర అమెరికాలో మంచు మీద ఆడే ఐస్ హాకీకి ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) అనే లీగ్ ఉంది. కెనడాలో ఈ ఆటకున్న స్థానం మనకు క్రికెట్ చెబితే తెలిసిపోతుంది. టొరంటో శివార్లలోని మిసిసాగాలో పుట్టి ఓక్‌విల్‌లో పెరిగినవాడు టవారెస్. ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలకు ఈ పేరు బాగానే తెలిసి ఉంటుంది. అమ్మానాన్నలకు మాత్రం జెర్సీ కొనివ్వమన్నప్పుడే తెలుస్తుంది.

తొమ్మిదేళ్ల లెక్క

కోపం లోతు తెలియాలంటే ముందు ఆకలి లోతు తెలియాలి. ఐలాండర్స్ 1972లో పుట్టిన జట్టు. 1980 నుంచి 1983 దాకా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను వరుసగా నాలుగుసార్లు గెలిచింది. మైక్ బాసీ, బ్రయన్ ట్రాటియె, డెనిస్ పాట్‌విన్ ఆడిన కాలం అది. ఆ తర్వాత మెల్లగా దిగజారింది. 1993లో ఒక ప్లేఆఫ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌లలో ముందు నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్) గెలిచాక మరో సిరీస్ గెలవడానికి 23 ఏళ్లు పట్టింది.

2008-09లో 30 జట్లలో అట్టడుగున నిలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అట్టడుగు జట్టుకు ఒక ఊరట ఉంటుంది. కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం దక్కే ఆస్కారం వాళ్లకే ఎక్కువ. ఆ లాటరీ ఐలాండర్స్‌కు కలిసొచ్చింది. 2009 జూన్‌లో మొదటి పేరుగా టవారెస్‌ను తీసుకుంది. అంటే అభిమానులు ఒక ఏడాది ఓటములను దిగమింగి సంపాదించుకున్న కుర్రాడు అతడు. ఎన్‌హెచ్‌ఎల్ అభిమానంలో ఈ భాగం చాలా ముఖ్యం. బయటి నుంచి కొనుక్కొచ్చిన ఆటగాడి మీద ఇంత హక్కు భావన ఉండదు. ‘మన కష్టాల్లోంచి పుట్టినవాడు’ అనుకున్నవాడి మీదే ఉంటుంది.

2011 సెప్టెంబరులో, 21 నిండకముందే, టవారెస్ ఆరేళ్లకు 3 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికి 55 లక్షలు. కొద్దికాలంలోనే ఇది లీగ్‌లో యాజమాన్యాలకు అత్యంత చవగ్గా కుదిరిన ఒప్పందాల్లో ఒకటి అయిపోయింది. 2013లో కెప్టెన్ అయ్యాడు. 2014-15లో 86 పాయింట్లు (తను కొట్టిన గోల్‌కు ఒకటి, గోల్‌కు తోడ్పడిన పాస్‌కు ఒకటి) సాధించి, లీగ్ అత్యధిక స్కోరర్ జేమీ బెన్‌కు ఒకే ఒక్క పాయింటు వెనక ఆగాడు. లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ తుది జాబితాలో 2013లో, 2015లో నిలిచాడు. మొత్తం మీద ఐలాండర్స్‌కు 669 మ్యాచ్‌లు, 272 గోల్స్, 621 పాయింట్లు.

ఇంత చేసినా ఆ తొమ్మిది సీజన్లలో జట్టు ప్లేఆఫ్స్ చేరింది మూడుసార్లే. గెలిచిన సిరీస్ ఒక్కటే. 2016 ఏప్రిల్‌లో ఫ్లోరిడా పాంథర్స్‌పై ఆరో మ్యాచ్. చివరి నిమిషంలో గోల్ చేసి స్కోరు సమం చేసిందీ, రెండో ఓవర్‌టైమ్‌లో పక్‌ను గోల్‌లోకి తోసి 23 ఏళ్ల కరవు తీర్చిందీ టవారెసే. మార్కెట్ ధర కంటే ఎంతో తక్కువకు దొరికిన ఆటగాడి వల్ల మిగిలిన డబ్బుతో యాజమాన్యం ఆరేళ్లలో అతడి చుట్టూ గట్టి జట్టు కట్టలేకపోయింది. జమాఖర్చులు రాసుకుంటే బాకీ ఎవరు ఎవరికి ఉన్నారన్నది అభిమాని అనుకున్నంత సూటిగా తేలదు.

స్వేచ్ఛకు పెట్టిన వయసు

ఫ్రీ ఏజెన్సీ అంటే ఒప్పందం ముగిసిన ఆటగాడు ఏ జట్టుతోనైనా చేరగలగడం. వినడానికి ఉద్యోగం మారినంత మామూలు విషయం. కానీ అమెరికా క్రీడల్లో ఈ హక్కు తేలిగ్గా రాలేదు. ఒకసారి ఒక జట్టుకు సంతకం పెట్టాక, ఒప్పందం అయిపోయినా ఆటగాడిపై హక్కు జట్టుదేనన్న పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు దీని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. అక్కడ తలుపు తెరుచుకుంది 1975లో వచ్చిన ఒక మధ్యవర్తిత్వ తీర్పుతో.

ఎన్‌హెచ్‌ఎల్‌లో మలుపు 2004-05. జీతాలపై పరిమితి పెట్టాల్సిందేనని యజమానులు పట్టుబట్టి లాకౌట్ ప్రకటించారు. ఆ సీజన్ మొత్తం రద్దయింది. చివరికి కుదిరిన రాజీలో యజమానులకు కావలసిన శాలరీ క్యాప్ వచ్చింది. ఒక్కో జట్టు జీతాలకు మించరాని గరిష్ఠ మొత్తం అది. మొదటి ఏడాది 3 కోట్ల 90 లక్షల డాలర్లు. బదులుగా ఆటగాళ్లకు స్వేచ్ఛ ముందుకు జరిగింది. అంతకుముందు 31 ఏళ్లొస్తే గాని పూర్తి ఫ్రీ ఏజెంట్ అయ్యేవారు కాదు. దాన్ని దశలవారీగా 27కు, లేదా లీగ్‌లో ఏడు సీజన్లకు, తగ్గించారు.

ఈ నాలుగేళ్ల తేడాయే అభిమానుల జీవితాన్ని మార్చేసింది. పాత పద్ధతిలో వెళ్లిపోయేవాడు మోకాళ్లు అరిగిన 31 ఏళ్ల వాడు. వీడ్కోలు పలకడం సులువు. కొత్త పద్ధతిలో వెళ్లేది పూర్తి ఫామ్‌లో ఉన్న 27 ఏళ్ల కెప్టెన్. 2018 వేసవిలో టవారెస్ వయసు సరిగ్గా 27. అభిమాని తిట్టుకునేది ఆటగాణ్ణి. ఆ తేదీని మాత్రం పదమూడేళ్ల క్రితమే ఒక చర్చల గదిలో యజమానులూ ఆటగాళ్ల సంఘమూ కలిసి రాసిపెట్టారు.

సొంత జట్టుకు ఒక చిన్న మొగ్గు కూడా నిబంధనల్లో ఉంచారు. 2013లో యజమానులూ ఆటగాళ్ల సంఘమూ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం సొంత జట్టు ఎనిమిదేళ్ల కాంట్రాక్టు ఇవ్వగలదు, బయటి జట్టు ఏడేళ్లే. ఆ అదనపు ఏడాది విలువ టవారెస్ స్థాయి ఆటగాడికి కోటి డాలర్ల పైమాటే. అయినా అతడు ఏడేళ్లకే, 7 కోట్ల 70 లక్షలకే, టొరంటోలో సంతకం పెట్టాడు. ఏడాదికి కోటి 10 లక్షలు. శాన్‌హోసే ఇంకా ఎక్కువ ఇవ్వజూపిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇదే అభిమానిని మరింత ఇబ్బందిలో పెట్టింది. డబ్బుకు అమ్ముడుపోయాడని తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఫిబ్రవరిలో పోయిన అవకాశం

ఐలాండర్స్ అభిమాని గాయంలో అన్నిటికంటే మండే భాగం జులై 1కి సంబంధించింది కాదు. దానికి నాలుగు నెలల ముందు, ఫిబ్రవరి 26న, జరగనిది. ఆ రోజు ఆ సీజన్‌కు ట్రేడ్ గడువు. ఒప్పందం ముగియబోయే ఆటగాణ్ణి ఆ లోపు వేరే జట్టుకిస్తే బదులుగా డ్రాఫ్ట్ అవకాశాలు, ఎదుగుతున్న కుర్రాళ్లు వస్తారు. గడువు దాటిందంటే అంతే. జులై 1న పూర్తి ఫ్రీ ఏజెంట్ వెళ్లిపోతే పాత జట్టుకు పరిహారంగా రూపాయి కూడా రాదు, కుర్రాడూ రాడు.

జనరల్ మేనేజర్ గార్త్ స్నో టవారెస్‌ను అమ్మలేదు. ప్లేఆఫ్స్ ఆశ అప్పటికింకా కొద్దిగా మిగిలే ఉంది. పైగా లాంగ్ ఐలాండ్‌లోనే ఉండాలనుందని టవారెస్ సీజన్ పొడవునా చెబుతూ వచ్చాడు. చివరికి జట్టు లీగ్ పట్టికలో 80 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు దూరమైంది. జూన్‌లో స్నోను, కోచ్ డగ్ వెయిట్‌ను తొలగించారు. అంతకు కొద్ది రోజుల ముందే టొరంటో నుంచి వచ్చిన లూ లామొరెల్లో పగ్గాలు చేపట్టాడు. వాషింగ్టన్‌కు అప్పుడే స్టాన్లీ కప్ తెచ్చిపెట్టిన కోచ్ బ్యారీ ట్రాట్జ్‌ను తీసుకొచ్చాడు. కెప్టెన్‌ను నిలుపుకోవడానికి ఇల్లంతా సున్నం కొట్టించినట్టే ఉంది వ్యవహారం.

జూన్ ఆఖరి వారంలో లాస్ ఏంజిలస్‌లోని ఏజెంట్ కార్యాలయంలో టవారెస్ ఆరు జట్లతో మాట్లాడాడు. ఐలాండర్స్ కాక టొరంటో, శాన్‌హోసే, డాలస్, టంపా బే, బోస్టన్. అభిమానులకు ఇది పెళ్లిచూపుల వారంలా గడిచింది. ఎవరెంత సేపు మాట్లాడారు, ఎవరు నవ్వుతూ బయటికొచ్చారు అన్న ప్రతి చిన్న కబురూ ఆశనో భయాన్నో పెంచింది. ఆ తర్వాత జులై 1 వచ్చింది. అదే రోజు టొరంటో నుంచి ఐలాండర్స్‌కు ఒక ఆటగాడు వచ్చాడు. లియో కొమరోవ్. కష్టపడి ఆడేవాడే గాని గోల్స్ కొట్టే రకం కాదు. ఇచ్చిపుచ్చుకోవడంలా కనిపించిన ఈ యాదృచ్ఛికం పుండు మీద కారంలా పనిచేసింది.

‘పోతే పో, ఫిబ్రవరిలోనే చెప్పొచ్చుగా’ అన్నది అభిమానుల ఫిర్యాదుకు సారం. న్యాయంగా చూస్తే ఇందులో సగం బాధ్యత యాజమాన్యానిది. అమ్మాలా ఉంచుకోవాలా అని నిర్ణయించాల్సింది మేనేజర్. కానీ ఆ మేనేజర్ అప్పటికే ఉద్యోగం పోయి కనుమరుగయ్యాడు. తిట్టడానికి కంటికి కనపడేవాడు టవారెస్ ఒక్కడే.

దుప్పటి ఫొటో

టొరంటో ప్రకటన రోజున టవారెస్ సామాజిక మాధ్యమంలో ఒక ఫొటో పెట్టాడు. చిన్న పిల్లాడు మంచం మీద నిద్రపోతున్నాడు. కింద పక్కగుడ్డ, పైన దుప్పటి, అన్నిటి మీదా నీలిరంగు మేపుల్ లీఫ్స్ గుర్తు. చిన్ననాటి కల నెరవేరే రోజు రోజూ రాదన్న అర్థంలో రెండు మాటలు. ఆ రోజు కెనడా జాతీయ దినం కూడా. టొరంటో వీధుల్లో అది పండగకు పండగ. లాంగ్ ఐలాండ్‌లో మాత్రం నిప్పుకు గాలి తోడైంది. కొలీజియంలో ‘పైజామా’ అరుపులు పుట్టింది ఇందులోంచే.

ఒక్క ఫొటో ఇంత పని ఎందుకు చేసింది? అభిమాని జ్ఞాపకాలన్నీ ఒక కథగా ఉంటాయి. అట్టడుగున నిలిచిన సంవత్సరం, లాటరీ, కుర్రాడు కెప్టెన్ కావడం, 2016లో ఆ రెండో ఓవర్‌టైమ్ గోల్. ఆ కథకు నాయకుడు ‘మనవాడు’. ఫొటో వచ్చి ఆ కథను వెనక నుంచి తిరగరాసింది. ఈ తొమ్మిదేళ్లూ అతడు వేరే ఇంటికి వెళ్లడానికి ఎదురుచూశాడన్నమాట అని చదువుకున్నారు. ఆటగాడు వెళ్లిపోతే రాబోయే సీజన్లు పోతాయి. ఆ ఫొటో గడిచిపోయిన సీజన్లను కూడా లాగేసుకుంది. పుట్టింటి మీద మమకారం ఉన్నంత మాత్రాన మెట్టినింటి మీద ప్రేమ అబద్ధమైపోదు. అయినా ఆ వారంలో ఈ మాట చెబితే వినే స్థితిలో ఎవరూ లేరు.

పోయింది ఎక్కడికన్నది కూడా లెక్కలోకి వస్తుంది. డాలస్‌కో శాన్‌హోసేకో వెళ్లి ఉంటే కథ కొంత వేరుగా ఉండేది. టొరంటో లీగ్‌లోని అత్యంత సంపన్న జట్లలో ఒకటి, నిత్యం వార్తల్లో ఉండేది. ఐలాండర్స్ అప్పటికి సరైన ఇల్లే లేని జట్టు. 2011 ఆగస్టులో కొత్త స్టేడియానికి ప్రజాధనం వాడటాన్ని నాసో కౌంటీ ఓటర్లు తిరస్కరించారు. 2015లో జట్టు బ్రూక్లిన్‌లోని బార్క్లేస్ సెంటర్‌కు మారింది. బాస్కెట్‌బాల్ కోసం కట్టిన ఆ భవనంలో కొన్ని కుర్చీల్లో కూర్చుంటే ఒక గోల్ కనపడదు. స్కోర్‌బోర్డు రింకు, అంటే ఆ మంచు మైదానం, మధ్యకు వేలాడదు. మంచు నాణ్యతపైనా ఫిర్యాదులే. ఉన్నవాడింటికి పోయాడన్న బాధలో, మనకు లేదు కాబట్టే పోయాడన్న చిన్నతనం కూడా కలిసింది.

వార్నర్‌తో పోల్చి చూస్తే

హైదరాబాద్ అభిమానికి ఇలాంటి అనుభవం లేకపోలేదు. డేవిడ్ వార్నర్ 2016లో సన్‌రైజర్స్‌కు ఐపీఎల్ టైటిల్ తెచ్చిపెట్టాడు. అత్యధిక పరుగులకిచ్చే ఆరెంజ్ క్యాప్‌ను ఆ జట్టు తరఫునే మూడుసార్లు గెలుచుకున్నాడు. తెలుగు పాటలకు స్టెప్పులేసి ఇంటిమనిషి అయిపోయాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు. తర్వాత తుది జట్టులోనూ చోటు పోయింది. 2022 వేలంలో 6 కోట్ల 25 లక్షలకు ఢిల్లీకి వెళ్లాడు. ఆ ఎపిసోడ్‌లో తెలుగు అభిమానుల కోపం ఎవరి మీద? యాజమాన్యం మీద. వార్నర్ మీద ఉన్నది సానుభూతే.

రెండిటిలోనూ పోయింది ప్రియమైన నాయకుడే. తేడా మీట ఎవరి చేతిలో ఉందన్నది. ఐపీఎల్‌లో ఎవరిని అట్టిపెట్టుకోవాలో చెప్పేది ప్రధానంగా ఫ్రాంచైజీ. వదిలేశాక ఎక్కడ ఆడాలో తేల్చేది వేలం సుత్తి. ఆటగాడు తన పేరు వేలంలో వేసుకోగలడే తప్ప ఊరు ఎంచుకోలేడు. కాబట్టి ‘మమ్మల్ని కాదనుకున్నాడు’ అన్న వాక్యం పుట్టడానికే చోటు తక్కువ. ఎన్‌హెచ్‌ఎల్ ఫ్రీ ఏజెంట్ ఆరు జట్లను కూర్చోబెట్టి, విని, ఒకదాన్ని ఎంచుకుంటాడు. అంటే అయిదింటిని కాదంటాడు. అందులో ఒకటి తొమ్మిదేళ్లు తన పేరు వీపున వేసుకు తిరిగిన ఊరు. స్వేచ్ఛ ఎవరికుంటే నింద వాళ్లకే వస్తుంది. వేలం పద్ధతి ఆటగాడి హక్కును తగ్గిస్తుంది గాని ఈ నింద నుంచి కాపాడుతుంది కూడా.

ముందే తెలిసిన వీడ్కోలు

కొలంబస్ బ్లూ జాకెట్స్ కథ ఇంకో కోణం చూపిస్తుంది. 2018-19లో ఆ జట్టు ఇద్దరు తారలు అర్తెమి పనారిన్, గోల్‌కీపర్ సెర్గీ బాబ్రోవ్‌స్కీ ఒప్పందాల చివరి ఏడాదిలో ఉన్నారు. సీజన్ మొదలవకముందే పనారిన్ కొత్త ఒప్పందం గురించి మాట్లాడటానికి సిద్ధంగా లేనని తెలియజేశాడు. అందరికీ విషయం అర్థమైంది. ట్రేడ్ గడువు నాటికి మేనేజర్ యార్మో కెకలైనెన్ ఇద్దరినీ అమ్మలేదు సరికదా, మరికొందరిని కొనితెచ్చాడు.

ఆ వసంతంలో కొలంబస్ తన చరిత్రలో తొలి ప్లేఆఫ్ సిరీస్ గెలిచింది. అదీ 82 మ్యాచ్‌లలో 62 గెలిచిన టంపా బేను 4-0తో ఊడ్చేసి. జులై 1న పనారిన్ న్యూయార్క్ రేంజర్స్‌కు, బాబ్రోవ్‌స్కీ ఫ్లోరిడాకు వెళ్లిపోయారు. ఆస్తి లెక్కలో చూస్తే ఐలాండర్స్ కంటే రెట్టింపు నష్టం. కానీ నాసో కొలీజియం రాత్రికి సాటి వచ్చేది కొలంబస్‌లో జరగలేదు. ఎందుకంటే అక్కడ చేతిలో ఆ టంపా సిరీస్ ఉంది. పోతారన్న సంగతి ఏడాది ముందే తెలుసు.

పోయినచోట, చేరినచోట

టవారెస్ లేని ఐలాండర్స్ కుప్పకూలుతుందని అనుకున్నవారే ఎక్కువ. జరిగింది తలకిందులు. 2017-18లో లీగ్‌లోనే అత్యధిక గోల్స్ సమర్పించుకున్న జట్టు, ట్రాట్జ్ చేతిలో మరుసటి ఏడాది అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టయింది. 103 పాయింట్లు తెచ్చుకుని, తొలి రౌండ్‌లో పిట్స్‌బర్గ్‌ను 4-0తో ఓడించింది. 2020లోనూ 2021లోనూ కప్ ఫైనల్‌కు ఒక్క సిరీస్ దూరంలో టంపా బే చేతిలో ఆగిపోయింది. 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో, కరోనా నాటి అర్హత రౌండ్‌ను పక్కన పెట్టినా, అయిదు సిరీస్‌లు గెలిచింది. టవారెస్ ఉన్న తొమ్మిదేళ్లలో గెలిచింది ఒక్కటి.

దీన్నిబట్టి టవారెస్ పోవడమే మేలైందనడం తొందరపాటు. ట్రాట్జ్ రక్షణ పద్ధతితో పాటు టవారెస్ కూడా ఉండి ఉంటే ఇంకా పైకి వెళ్లేదేమో. 2021 సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఐలాండర్స్ 0-1తో ఓడింది. గోల్ కొట్టేవాడు ఒక్కడు తక్కువయ్యాడన్న మాట ఆ రాత్రి చాలామంది నోట వచ్చి ఉంటుంది, పైకి అనకపోయినా.

టొరంటో వైపు చూస్తే, మొదటి ఏడాది టవారెస్ 47 గోల్స్ కొట్టాడు. అది అతడి కెరీర్‌లోనే అత్యధికం. చిక్కు వేరే చోట వచ్చింది. 2019 చివరికల్లా టవారెస్, ఆస్టన్ మాథ్యూస్, మిచ్ మార్నర్, విలియం న్యూలాండర్ నలుగురి జీతాలే ఏడాదికి 4 కోట్ల డాలర్లు దాటాయి. క్యాప్ 8 కోట్ల 15 లక్షలు. ఏటా పెరుగుతుందనుకున్న ఆ క్యాప్ కరోనా దెబ్బకు మూడు సీజన్లు అక్కడే గడ్డకట్టింది. ఇరవై మందికి పైగా ఉండే జట్టులో సగం డబ్బు నలుగురికి పోతే మిగతా వాళ్లకు సర్దడం కష్టం. నజెమ్ కాద్రిని 2019లో కొలరాడోకు ఇచ్చేశారు. అక్కడ అతడు 2022లో కప్ ఎత్తాడు. జాక్ హైమన్ 2021లో ఫ్రీ ఏజెంట్‌గా ఎడ్మంటన్ వెళ్లాడు. టవారెస్ ఏడేళ్ల ఒప్పంద కాలంలో టొరంటో గెలిచినవి రెండే సిరీస్‌లు. వాటిలో మొదటిది 2023లో, 19 ఏళ్ల తర్వాత. ఆ సిరీస్‌ను ముగించిన ఓవర్‌టైమ్ గోల్ టవారెస్‌దే. కరవు తీర్చే గోల్ కొట్టడం ఇతడికి రెండు ఊళ్లలోనూ రాసిపెట్టి ఉంది.

యాజమాన్యాలు నేర్చుకున్నవి

2025 మార్చిలో ఐలాండర్స్ ముందుకు మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. చాలా ఏళ్లుగా జట్టుతో ఉన్న బ్రాక్ నెల్సన్ ఒప్పందం ఆ వేసవితో ముగియబోతోంది. ఈసారి ఆగలేదు. గడువుకు ముందే కొలరాడోకు పంపి, కుర్ర ఆటగాడు కాలమ్ రిచీని, మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాన్ని తెచ్చుకున్నారు.

అదే వేసవిలో వంతు టొరంటోకు వచ్చింది. ఆ శివార్లలోనే పెరిగిన మార్నర్ ఒప్పందం ముగిసింది. ఫ్రీ ఏజెన్సీ తెరుచుకోవడానికి ఒక రోజు ముందు, జూన్ 30న, టొరంటో అతడితో ఎనిమిదేళ్లకు 9 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుని, వెంటనే వేగాస్‌కు ట్రేడ్ చేసింది. సొంత జట్టుకు మాత్రమే ఉన్న ఎనిమిదో ఏడాది హక్కును ఇలా సరుకుగా మార్చారు. ఆటగాడికి ఒక ఏడాది అదనం, వేగాస్‌కు కావలసిన మనిషి, టొరంటోకు బదులుగా సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) నికొలా రువా. ఒక తారకు అది సమాన ధర కాదు. అయినా సున్నా కంటే నయం. 2026-27 నుంచి అమలయ్యే కొత్త సమష్టి ఒప్పందంలో ఈ పరిమితులు సొంత జట్టుకు ఏడేళ్లు, బయటి జట్టుకు ఆరేళ్లు కాబోతున్నాయి. ఒక ఏడాది తేడా మాత్రం అలాగే ఉంటుంది.

మార్నర్ వెళ్లడానికి మూడు రోజుల ముందు టవారెస్ టొరంటోలోనే మరో నాలుగేళ్లకు సంతకం పెట్టాడు. ఏడాదికి 43 లక్షల 80 వేల డాలర్లు. ఐలాండర్స్‌లో చివరి ఏడాది తీసుకున్న దానికంటే తక్కువ.

ఆ కోపం ఎన్నాళ్లు?

2021 నవంబరులో ఐలాండర్స్‌కు ఎట్టకేలకు సొంత ఇల్లు వచ్చింది. బెల్మాంట్ పార్కు పక్కన యూబీఎస్ ఎరీనా. కుర్చీలన్నిట్లోంచీ రెండు గోల్సూ కనపడతాయి, స్కోర్‌బోర్డు మధ్యలోనే ఉంటుంది. టవారెస్ ఉన్నప్పుడు లేనిది అదే. 2023 డిసెంబరు 11న టొరంటో అక్కడికి ఆడటానికి వచ్చింది. అతడు వెళ్లి అయిదేళ్లు దాటింది. స్టాండ్లలో ఉన్న పిల్లల్లో కొందరు అతణ్ణి ఐలాండర్స్ జెర్సీలో చూసి ఉండరు. అయినా పక్ తగిలినప్పుడల్లా ‘బూ’ మామూలే. మ్యాచ్ ఆఖరి క్షణాల్లో టొరంటో స్కోరు సమం చేసిన గోల్‌కు టవారెస్ పాస్ తోడైంది. అది అతడి కెరీర్‌లో 1000వ పాయింట్. అందులో 621 ఆ స్టాండ్లలో కూర్చున్నవాళ్ల జట్టుకు సంపాదించినవే. ఓవర్‌టైమ్‌లో ఐలాండర్స్ 4-3తో గెలిచింది.